గిడుగు పంతులుగారూ, మన సరిహద్దూ

ఉగాది సంచికకు ఏదైనా ఒక వ్యాసం వ్రాసి యివ్వవలసిందని మన సంఘం పెద్దలు నన్ను అడిగారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. టిక్కెట్ల లెక్కలూ, సరుకుల రసీదులూ తప్ప మరొకటి వ్రాసే అలవాటు లేదు. అయినా మన గుణుపురం తెలుగువాళ్ళు తప్పక తెలుసుకోవలసిన జీవితం ఒకటి వున్నదని తోచి, ధైర్యం చేశాను. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వారిని తెలుగువాళ్ళంతా ఎరుగుదురు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఆ పోరాటం సంగతి కాదు. ఒక ఊళ్ళో యాభై ఆరేండ్లు కాపురమున్న మనిషి అడుగు కదపకుండానే ఆ ఊరు వేరే రాష్ట్రంలోకి పోతే ఆయన ఏమి చేశారు, అంతకు ముందు ఆ ఊళ్ళో ఎట్లా బ్రతికారు అన్నదే నా ప్రసక్తి. ఆ కష్టం మన తాతముత్తాతలకూ వచ్చినదే గనుక ఇది మన కథ కూడాను.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేట అనే పల్లెలో పుట్టారు. ఆ పల్లె వంశధార ఒడ్డున వున్నది. మన గుణుపురం పక్కనుంచి పారే వంశధార అదే. మనం ఇక్కడ స్నానం చేసిన నీళ్ళే దిగువకు పోయి ఆయన పుట్టిన ఊరిని తాకుతాయి. నదికి ఎగువన మనం, దిగువన ఆయన. ఆ మాట తలచుకుంటే నాకు ఆయన పరాయివారుగా తోచరు.

తండ్రి వీర్రాజుగారు రెవిన్యూలో వుద్యోగి. పంతులుగారు పన్నెండేండ్ల పిల్లవాడుగా వున్నప్పుడు, 1875లో, తండ్రి విషజ్వరంతో పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట వుండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారంకు పాఠాలు చెప్పే పని దొరికింది. జీతం ముప్ఫై రూపాయలు. అప్పటికాయనకు పదిహేడేండ్లు. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ఆ తరువాత వుద్యోగం చేసుకుంటూ ప్రయివేటుగా చదివి ప్యాసయినవి. మెట్రిక్‌తో ఆగిపోయిన నావంటివాడికి ఈ భాగం చదివినప్పుడల్లా కొంచెం సిగ్గూ, కొంచెం ధైర్యమూ కలుగుతాయి.

కడుపు చేతబట్టుకుని మరొక ఊరికి పోయిన కుర్రవాడు ఆయన. మన పెద్దలూ అట్లా వచ్చినవాళ్ళే. అయితే ఆ రోజులలో పర్వతాలపేటా, పర్లాకిమిడీ, గుణుపురమూ అన్నీ మద్రాసు రాజధానిలోనివే. ఎవరిది ఏ రాష్ట్రమని అడిగేవాళ్ళు లేరు, చూపించవలసిన కాగితమూ లేదు.

పర్లాకిమిడిలో పంతులుగారికి ఒక సంగతి కంటబడింది. మన్యపు కొండల మీదనుంచి సంతలకు సవరలు దిగివస్తారు. వాళ్ళ మాట అధికారికి తెలియదు, వర్తకుడికి తెలియదు, బడిపంతులుకు తెలియదు. మాట తెలియనివాడు తూకంలోనూ మోసపోతాడు, కచ్చేరీలోనూ మోసపోతాడు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తానే వాళ్ళ భాష నేర్చుకోవాలని పంతులుగారు నిశ్చయించారు. ఆ భాషకు అప్పుడు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే వుంచుకుని, భోజనం పెట్టి, ఒక్కొక్క మాటా అడిగి వ్రాసుకున్నారు. కొండలెక్కి సవర పల్లెల్లో తిరిగారు. ఇంటికి వచ్చిన సవరలను కూర్చోబెట్టి వాళ్ళతో పాటు తిని, వాళ్ళ పాటలూ కథలూ విన్నారు. కుల పట్టింపులు కరకుగా వున్న ఆ కాలంలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇట్లా చెయ్యటం సామాన్యమైన విషయం కాదు.

దీనికి ఆయన యిచ్చుకున్న ఖరీదు తక్కువ కాదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైను వల్ల చెవులు దెబ్బతిని, జన్మాంతం చెముడు మిగిలింది. ఒక జాతి మాటను చెవితో విని కాగితం మీద నిలబెట్టిన మనిషికి ఆ చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తానే యిచ్చారు. ముప్ఫైయేండ్ల కొలువు తరువాత 1911లో విరమించుకున్నా ఆ కృషి సాగుతూనే వున్నది. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. నిఘంటువులనూ మద్రాసు ప్రభుత్వంవారు అచ్చువేశారు. కుమారులు గిడుగు సీతాపతిగారు ఈ పనిలో తండ్రికి కుడిభుజంగా నిలిచారు. ప్రభుత్వంవారు పంతులుగారికి కైజర్-ఇ-హింద్ పతకమిచ్చి గౌరవించారు.

తెలుగు వ్యవహారం కూడా ఇక్కడినుంచే పుట్టిందని నా నమ్మకం. సవర పిల్లవాడికి ఇంట్లో మాట్లాడే మాటలోనే చదువు చెప్పాలని గ్రహించిన మనిషికి, తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక మాటా బడిలో మరొక మాటా నేర్వవలసిన అవస్థ కనబడకుండా వుంటుందా? 1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీకి వచ్చిన యేట్సు దొర ఆ ప్రశ్నే లేవదీశాడు. పంతులుగారు చిన్ననాటి స్నేహితులైన గురజాడ అప్పారావుగారితో కలిసి నడుము కట్టారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. ఆ తరువాతి కథ మీకు తెలిసినదే.

ఇక మన సరిహద్దు సంగతి. ఉత్కళ సోదరులు తమ భాష మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకచోటికి చేరాలని చాలా కాలంగా కోరుతూ వచ్చారు. 1903లో మధుసూదన దాసుగారు ప్రారంభించిన ఉత్కళ సమ్మిలని ఆ కోరికను ఊరూరా చాటింది. వాళ్ళ కోరికలో న్యాయం లేదనటానికి వీల్లేదు. ఒక భాషవాళ్ళు ఒక ముక్క మద్రాసులో, ఒక ముక్క మరొక చోట పడి, కచ్చేరీలోనూ బడిలోనూ పరుల భాషతో అవస్థపడుతుంటే ఎవరికైనా బాధే. అయితే ఇటువంటి ప్రాంతాలలో భాషలు పొలాల్లాగా గట్లు వేసుకుని వుండవు. ఒకే వీధిలో ఈ ఇల్లు తెలుగు, ఆ ఇల్లు ఒడియా, సంతలో సవర. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరి వాకిట్లోనుంచి పోక తప్పదు. 1931లో ఓడొన్నెల్ దొర అధ్యక్షతన సరిహద్దు సంఘం కూర్చున్నది. రెండు వైపులనుంచీ మహజర్లు పోయాయి. పర్లాకిమిడి మద్రాసులోనే వుండాలని వాదించినవారిలో పంతులుగారు వున్నారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. మహేంద్రతనయ నదికి అవతలి ఒడ్డున వున్న పాతపట్నం మద్రాసులోనే మిగిలింది. విశాఖపట్నం జిల్లాలో వుండిన మన గుణుపురం కొత్తగా పుట్టిన కొరాపుట్ జిల్లాలోకి పోయింది. 1992లో రాయగడ జిల్లా విడిపడినప్పుడు అందులోకి వచ్చింది.

అప్పటికి పంతులుగారికి డెబ్భై రెండేండ్లు దాటాయి. కొత్త రాష్ట్రం ఆరంభమైన రోజున తాను పర్లాకిమిడిలో వుండకూడదని నిశ్చయించుకుని, అన్నేండ్లు కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మళ్ళీ కాపురానికి తిరిగి రాలేదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది. 1940 జనవరి 22న స్వర్గస్థులైనారు.

ఈ వెళ్ళిపోవటాన్ని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మా ముత్తాత రైలుదారి పనిమీద దిగువనుంచి ఇక్కడికి వచ్చాడు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో పడిన చిన్న రైలు 1931లో గుణుపురం చేరింది. 2004 జూన్‌లో ఆ చిన్న రైలు ఆఖరుసారి నడిచింది. ఇప్పుడు పెద్ద లైను వున్నది. టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ఒడిశాలో. దారి పొడుగునా పట్టాలు ఒక్కటే, రాష్ట్రాలే రెండు. 1936లో మా ముత్తాతకు వెళ్ళటానికి రాజమహేంద్రవరం లేదు. నలుగురు పిల్లలూ, ఒక పూరిల్లూ, నెల జీతమూ వున్నాయి. ఉండిపోయాడు. ఒక రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకుని తెల్లవారి ఒరిస్సాలో లేచాడు. అడగకుండానే కొత్త రాష్ట్రపు మనిషి అయినాడు. వెళ్ళిన పంతులుగారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఉండిపోయిన మా ముత్తాతనూ తక్కువ చెయ్యలేను.

తరువాత దేశానికి స్వరాజ్యం వచ్చింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చి, భారతీయులందరికీ పౌరసత్వం ఒక్కటే అన్నది. రాష్ట్రానికొక పౌరసత్వం లేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణంలో వున్నది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే ఏర్పాట్లకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. కాగితం మీద మనకు లోటు లేదు.

ఆచరణలో మాత్రం అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది. మా అమ్మాయికి నివాస ధ్రువపత్రం కావలసివచ్చి ఒక ఆఫీసుకు వెళ్ళాను. నా ఇంటిపేరు చూసి స్వగ్రామం ఏదని అడిగారు. గుణుపురమని చెప్పాను. అంతకు ముందు ఏదని అడిగారు. మూడు తరాల వెనుకటి ఊరి పేరు చెప్పవలసి వచ్చింది. పత్రం చేతికి రావటానికి నాలుగుసార్లు తిరిగాను. ఇంటికి వచ్చి చాలా కోపంగా మాట్లాడాను. మన కుటుంబాలలో ఈ కోపం ఎరగనివాళ్ళు తక్కువ.

ఆ మరునాడు స్టేషనులో నా కౌంటరు ముందుకు పుట్టాసింగు కొండల నుంచి వచ్చిన ఒక సవర ముసలమ్మ నిలబడింది. ఆమె ఏ ఊరికి పోవాలో నాకు అర్థం కాలేదు. నేను తెలుగులో అడిగాను, ఒడియాలో అడిగాను, హిందీలో అడిగాను. ఆమె తన భాషలోనే చెప్పింది. చివరకు వెనుక నిలబడ్డ కుర్రవాడు చెబితే టిక్కెట్టు ఇచ్చాను. నాలుగు తరాలుగా ఆ కొండల కిందనే వున్నాము. నాకు సవర మాటలు పది రావు. మమ్మల్ని పరాయివాళ్ళనుకుంటున్నారని నిన్న కోపగించినవాణ్ణి, మనందరికంటె ముందునుంచీ ఈ నేలమీద వున్నవాళ్ళకు నేనే పరాయివాణ్ణయినాను. ఆ 1936 గీత సవర కొండల మీదుగా కూడా పోయింది. సీతంపేట సవరలు ఒక వైపు, గుణుపురం సవరలు మరొక వైపు. అదే ఏడు మంగెయి గోమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని సమకూర్చాడు. పంతులుగారి నిఘంటువు మాత్రం గీతకు రెండు వైపులా పనికి వస్తున్నది.

మన సంఘంలో రెండు పక్షాలున్నాయి. తెలుగుతో మనకు ఇక్కడ పనిలేదు, ఒడియా, ఇంగ్లీషు చాలునని కొందరు. ఒడియా ఎందుకు, పిల్లల్ని శ్రీకాకుళం హాస్టలుకు పంపితే సరి అని కొందరు. పంతులుగారి జీవితం ఉభయులకూ జవాబు చెబుతున్నది. తెలుగు కోసం అంతగా కష్టపడిన మనిషే పక్కవాడి భాష కోసం చెవులు పోగొట్టుకున్నాడు. ఒకటి ఎక్కువై మరొకటి తగ్గలేదు. ఆయన జీవితంలో చివరి నాలుగేండ్లు వెళ్ళిపోవటానివి, అంతకు ముందటి యాభై ఆరేండ్లు ఉన్నచోట మనిషిగా వుండటానివి. వెళ్ళటం మన వల్ల కాలేదు గనుక ఆ యాభై ఆరేండ్లే మనకు దారి.

చట్టప్రకారం రావలసిన హక్కులు అడుగుదాము. తెలుగు బడి కావాలంటే దరఖాస్తు పెట్టుదాము, నాలుగుసార్లు తిరగవలసి వస్తే తిరుగుదాము. కాని ఊరు మనది కావటం ఆఫీసువాళ్ళు ముద్ర వేసినంత మాత్రాన జరగదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో నాలుగు సవర మాటలు వచ్చిన పిల్లవాణ్ణి పరాయివాడనటానికి ఎవరికి నోరు వస్తుంది?

ఈ ఉగాదినుంచి మా అమ్మాయీ నేనూ రోజుకొక సవర మాట నేర్చుకోవాలని అనుకున్నాము. మా యింటికి పనసపళ్ళు తెచ్చే సవర ఆవిడ గురువు. మొదటి మాట నీళ్ళు. వంశధార దగ్గర కాపురమున్నవాళ్ళం గనుక అదే ముందు అడిగాము.