బారిష్టరు పరీక్షయు, బాపూజీ చదువును

గాంధీమహాత్ముని పేరు వినని యిల్లు మన గ్రామమున లేదు. ఉప్పు సత్యాగ్రహమును గూర్చియు, రాట్నమును గూర్చియు బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని ఆ మహాపురుషుడు ఒకప్పుడు పరీక్షలకు వెరచిన సామాన్య విద్యార్థి యనియు, బారిష్టరు పట్టము చేతికి వచ్చిన పిదప గూడ న్యాయస్థానమున నోరు మెదపలేక తిరిగివచ్చినవాడనియు తలచువారు కొలదిమందియే. ఇంత గ్రంథమును ఎట్లు జ్ఞప్తియందుంచుకొనవలెనని మన విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. ఆ ప్రశ్నకు ఆయన జీవితమున ఒక సమాధానము కలదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు అది తగిన విషయమని తలచి యిచ్చట వ్రాయుచున్నాను.

మోహనదాసు కరంచందు గాంధి 1869 అక్టోబరు 2వ తేదీన కాఠియావాడునందలి పోరుబందరులో జన్మించెను. తండ్రి సంస్థాన దివాను. పుట్టుకతోడనే ఏకసంథాగ్రాహి యనదగిన లక్షణమేదియు ఆ బాలునియందు కానరాలేదు. ఎక్కములు కష్టము మీద పట్టుబడెను. తన జ్ఞాపకశక్తి అప్పటికి పక్వము కాలేదని ఆయనయే ఆత్మకథలో ఒప్పుకొనెను. రాజకోట ఉన్నత పాఠశాలలో చదువునపుడు రేఖాగణితము మొదట కొరుకుడుపడలేదు. యూక్లిడు పదుమూడవ సిద్ధాంతము కడకు వచ్చినప్పుడు, ఆ శాస్త్రమునకు కావలసినది కేవలము తర్కబుద్ధియే యని ఒక్కమారుగా తెలిసెను. నాటినుండి అది సులభమును, రుచికరమును అయ్యెను.

సంస్కృతము సంగతి వేరు. అందు సమస్తమును వల్లెవేయవలసియుండెను. ఉపాధ్యాయుడు కృష్ణశంకర పాండ్యా కఠినముగా చదివించువాడు. పారసీకము చెప్పునతడు మెత్తనివాడని తోటిపిల్లలు చెప్పగా, మోహనదాసు ఒకనాడు పోయి ఆ తరగతిలో కూర్చుండెను. పాండ్యాగారు నొచ్చుకొని, పిల్లవానిని పిలిచి, వైష్ణవుని కుమారుడవై యుండి మీ మతభాషను విడిచెదవా యని మందలించెను. కష్టమున్నచో తనయొద్దకు రమ్మనెను. బాలుడు సిగ్గుపడి సంస్కృతమునకు మరలెను. ఆ గురువుయొక్క దయ లేకున్న మన ధర్మగ్రంథములందు తనకు అభిరుచి కలుగకయే పోయెడిదని గాంధీజీ తరువాతి కాలమున కృతజ్ఞతతో తలచుకొనెను.

భావనగరములోని సామలదాసు కళాశాలలో చేరినప్పుడు ఏ పాఠమును అందలేదు. ఒక విడత ముగియగనే యింటికి వచ్చెను. అప్పుడు కుటుంబమిత్రుడైన మావ్‌జీ దవే, ఈ చదువుకంటె ఇంగ్లండుకు పోయి బారిష్టరగుట సులభమని సలహా యిచ్చెను. మద్యము, మాంసము, పరస్త్రీ యను మూడింటిని ముట్టనని తల్లికి మాట యిచ్చి, కులపెద్దల వెలిని లెక్కింపక, మోహనదాసు 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కెను.

ఆ దినములలో బారిష్టరగుటకు రెండు నియమములు ప్రధానముగా నుండెను. మొదటిది పండ్రెండు టరములు, అనగా దాదాపు మూడేండ్లు, గడుపుట. ఒక్కొక్క టరములో జరుగు ఇరువదినాలుగు విందులలో ఆరింటికైనను హాజరు కావలెను. భుజింపకున్నను సరే, విందు ముగియువరకు కూర్చుండిన చాలును. నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారాయి యిచ్చెడివారు. గాంధి త్రాగడు గనుక తన భాగము మిగులునను ఆశతో అతనిని తమ బల్లకు రమ్మని సహవిద్యార్థులు పోటీపడుచుండిరట! ఈ విందుల వలన న్యాయశాస్త్రజ్ఞానము ఎట్లు కలుగునో ఆయనకు ఏనాడును బోధపడలేదు.

రెండవ నియమము పరీక్షలు. రోమను న్యాయమునకొకటి, ఇంగ్లండు సామాన్య న్యాయమునకొకటి. పాఠ్యగ్రంథములు నిర్ణయింపబడియుండెను గాని వానిని చదువువారు అరుదు. రోమను న్యాయమునకు సంగ్రహపు నోట్సు రెండు వారములు, సామాన్య న్యాయమునకు రెండు మూడు మాసములు వల్లెవేసి గట్టెక్కువారే యెక్కువ. ప్రశ్నలు తేలిక, పరీక్షకులు ఉదారులు. మొదటి పరీక్షలో నూటికి తొంబదియైదుగురు మొదలు తొంబదితొమ్మండుగురి వరకును, రెండవదానిలో డెబ్బదియైదుగురికి తక్కువ కాకుండను కృతార్థులగుచుండిరి. పరీక్షలు ఏటికి నాలుగుమార్లు జరుగుచుండుటచే తప్పినవారికిని తొందర లేదు.

ఇంత సులువైన దారి కన్నులయెదుట నుండగా గాంధి దానిని కాదని కష్టమైన దారి పట్టెను. నిర్ణయింపబడిన పుస్తకములను చదువకుండుట మోసమని ఆయనకు తోచెను. గుఱ్ఱపుబండ్ల ఖర్చు మాని నడచుచు, ఒక్క గదిలో కాపురముండి తన ఫలాహారము తానే వండుకొనుచు పైసపైస లెక్కవ్రాసిన ఆ విద్యార్థి, గ్రంథములకు మాత్రము ధారాళముగా సొమ్ము వెచ్చించెను. బ్రూము వ్రాసిన సామాన్య న్యాయగ్రంథమును, స్నెల్ వ్రాసిన ధర్మన్యాయగ్రంథమును, వైట్, ట్యూడరుల ప్రసిద్ధ వ్యాజ్యముల సంపుటమును, స్థిరాస్తిపై విలియమ్సు, ఎడ్వర్డ్సుల రచనలను, చరాస్తిపై గుడీవు రచనను చదివెను. అందు స్నెల్ గ్రంథము కఠినమైనను ఆసక్తి గొలిపెను. విలియమ్సు గ్రంథము నవలవలె సాగెను. ఈ సామాన్య న్యాయమునకే తొమ్మిది మాసములు గట్టిగా పాటుపడెను.

రోమను న్యాయమును ఆయన లాటిను మూలములోనే చదువ నిశ్చయించెను. లాటిను ఆయనకు ఊరక రాలేదు. బారిష్టరు చదువున తీరిక చిక్కుటచే లండను మెట్రిక్యులేషను పరీక్షకు పూనుకొని, మొదటిసారి ఆ భాషలోనే తప్పెను. నిరుత్సాహపడక మరల కూర్చుండి రెండవసారి కృతార్థుడయ్యెను. ఆ లాటిను జస్టీనియను ధర్మశాస్త్రమునకు తలుపు తెరచెను. ఈ శ్రమ వృథాయని నాడు పలువురు నవ్వియుండవచ్చును. కాని దక్షిణాఫ్రికాలో చెల్లుబడియగునది రోమను-డచ్చి న్యాయమే. తాను ఆ దేశమునకు పోగలనని కలలోనైన తలపని దినములలో చదివిన చదువు, అచ్చట ఆయనకు చేతికి అందివచ్చెను.

1891 జూను 10వ తేదీన బారిష్టరు పట్టము లభించెను. 11వ తేదీన హైకోర్టు పట్టికలో పేరు నమోదయ్యెను. 12వ తేదీన స్వదేశమునకు ఓడ యెక్కెను. ఇంత చదివినను హృదయమున భయము తీరలేదు. న్యాయసూత్రములు తెలిసెను గాని వానిని వ్యవహారమున ప్రయోగించుట తెలియదు. హిందూ ధర్మశాస్త్రముగాని, మహమ్మదీయ ధర్మశాస్త్రముగాని ఒక్క పుటయైనను చదువలేదు. ఒక అర్జీ వ్రాయుటయు రాదు. ఇంగ్లండు విడుచుటకు ముందు ఫ్రెడరిక్ పిన్‌కట్ అను వృద్ధునికి ఈ బాధ చెప్పుకొనగా, ఆయన నవ్వి, అందరును ఫిరోజ్‌షా మెహతాలు కానక్కరలేదనియు, సాధారణ న్యాయవాదికి నిజాయితీయు, పరిశ్రమయు చాలుననియు ధైర్యము చెప్పెను.

బొంబాయికి వచ్చినపిమ్మట ఆ ధైర్యము నిలువలేదు. మిత్రుడు వీరచంద గాంధి పెద్ద న్యాయవాదుల కథలు చెప్పుచుండెను. మెహతాకు సాక్ష్యచట్టమంతయు కంఠస్థమనియు, ముప్పదిరెండవ సెక్షనుపై వచ్చిన తీర్పులన్నియు నోటనున్నవనియు, ఆయన విజయరహస్యము అదియేననియు విని మన బారిష్టరుకు కాళ్లు చల్లబడెను. అంతలో స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అను స్త్రీ పక్షమున ఒక చిన్న వ్యాజ్యము దొరకెను. ఫీజు ముప్పది రూపాయలు. వ్యాజ్యము తెచ్చిన దళారికి రుసుము ఇయ్యనని ఆయన అంతకుముందే ఖండితముగా చెప్పియుండెను. ప్రతివాది తరపున నిలిచి, వాది సాక్షులను ఎదురుప్రశ్నలు వేయవలసిన సమయము వచ్చెను. లేచి నిలువగానే తల తిరిగెను. న్యాయస్థానమంతయు గిరగిర తిరుగుచున్నట్లు తోచెను. ఒక్క ప్రశ్నయు నోటికి రాలేదు. కూర్చుండి, వ్యాజ్యము తాను నడపలేననియు, పటేలుగారిని కుదుర్చుకొని తన ఫీజు తిరిగి తీసికొనవలెననియు చెప్పి, ఓడినదెవరో గెలిచినదెవరో చూడక బయటికి వచ్చెను. పిదప డెబ్బదియైదు రూపాయల ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టగా, పట్టభద్రుడు కాడని అదియు దక్కలేదు.

మూడేండ్లు శ్రద్ధతో చదివిన చదువు ఇట్లు ముగియవలసినదేనా యని యెవరికైనను అనిపించును. కాని విత్తనము నాటిన మరునాడే పంట కోయువారు లేరు. 1893లో దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యముకొరకు దక్షిణాఫ్రికాకు పోయినప్పుడు, లెక్కల చిట్టాలు ఆయనకు అర్థము కాలేదు. సిగ్గుపడక, గణకశాస్త్రగ్రంథము కొని చదివి, కాగితములన్నియు మొదటినుండి తుదివరకు పరిశీలించెను. యథార్థవిషయమును పూర్తిగా గ్రహించినచో న్యాయములో మూడుపాళ్లు చేతిలోనున్నట్లే యని ఆ వ్యాజ్యమున అనుభవపూర్వకముగా తెలిసికొనెను. ప్రతివాది తయ్యబు శేఠు దాదా అబ్దుల్లాకు బంధువే. వ్యాజ్యము సాగినచో ఉభయులును నశింతురని తోచి, గాంధి మధ్యవర్తితీర్పునకు ఒప్పించెను. దాదా అబ్దుల్లా గెలిచెను. అంతటితో విడువక, ఓడినవాడు ముప్పదియేడువేల పౌనులును, ఖర్చులును ఒక్కసారి చెల్లింపలేక దివాలా తీయునను చింతతో, చిరకాలము వాయిదాలలో తీసికొనునట్లు గెలిచినవానిని ఒడబరచెను. విడిపోయినవారిని కలుపుటయే న్యాయవాది ధర్మమని నాడు గ్రహించెను.

కంఠపాఠమును ఆయన నిరసించెనని దీనివలన తలచరాదు. జోహానెస్‌బర్గులో నున్నప్పుడు, 1903 ప్రాంతమున, భగవద్గీతను కంఠస్థము చేయ సంకల్పించెను. పనుల నడుమ వేరే వేళ చిక్కలేదు. ప్రాతఃకాలమున పండ్లు తోముకొనుటకు పదునైదు నిమిషములు, స్నానమునకు ఇరువది నిమిషములు పట్టుచుండెను. శ్లోకములను కాగితపు ముక్కలపై వ్రాసి ఎదుటి గోడకు అంటించి, పండ్లు తోముకొనుచు చూచి నేర్చుకొనెను. స్నానవేళ నిన్నటి శ్లోకములను వల్లించెను. ఈ విధముగా పదుమూడు అధ్యాయములు నోటికి వచ్చెను. సత్యాగ్రహపు పనులు మీదపడుటచే తక్కినవి నిలిచిపోయెను. బాల్యమున వల్లెవేయుటకు జడిసి సంస్కృతపు తరగతి విడువబోయిన పిల్లవాడే యితడు!

ఇచ్చటనే ఒక విశేషము కలదు. గీతలోని అపరిగ్రహము, సమభావము అను మాటల అర్థమును వెదకుచుండగా, ఎన్నడో లండనులో చదివిన స్నెల్ గ్రంథములోని ధర్మన్యాయసూత్రములు జ్ఞప్తికి వచ్చెను. ధర్మకర్త యెవడు? అపారమైన ఆస్తి చేతిలోనున్నను అందు కాసైనను తనది కాదని యెరిగినవాడు. మన దేవాలయ ధర్మకర్తల విషయమున మనమును కోరునది అదియే గదా! ముక్తి కోరువాడు ధర్మకర్తవలె నడుచుకొనవలెనని గాంధీజీకి అప్పుడు స్పష్టపడెను. వెంటనే బొంబాయిలో తీసికొనిన పదివేల రూపాయల జీవితబీమాను రద్దుకానిమ్మని వ్రాసెను. ఇకమీదట మిగిలినది యేమైనను తనవారికి గాక సమాజమునకే చెందునని అన్నగారికి తెలియజేసెను. రెండు వారముల నోట్సు వల్లెవేసి గట్టెక్కియుండినచో, పండ్రెండేండ్ల పిదప జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ఆయనకు స్నెల్ ఎక్కడిది?

తరువాతి కథ లోకవిదితము. సహాయనిరాకరణ కాలమున ఆయన పిలుపు విని వకీళ్లనేకులు వృత్తి మానిరి. మన ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు 1921లో విరివిగా సాగుచున్న ప్రాక్టీసును త్యజించెను. 1922లో గాంధీజీకి రాజద్రోహనేరముపై శిక్షపడగా, ఆయనకు బారిష్టరు పట్టమిచ్చిన ఇన్నర్ టెంపిల్ సంస్థ తన పట్టికనుండి ఆయన పేరు కొట్టివేసెను. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముడు నేలకొరిగెను. నలువదియేండ్లు గడచినపిదప, 1988లో, ఆ సంస్థయే ఆ పేరును మరల తన పట్టికలో చేర్చెను. సంస్థ యిచ్చిన పట్టమును సంస్థ తీసివేయగలిగెను. శ్రద్ధతో చదివి ఆచరణలో పెట్టిన విద్యను తీసివేయుట యెవరికిని సాధ్యము కాలేదు.

మన పూర్వులు ఎక్కములును, అమరమును, శతకములును కంఠస్థము చేసిరి. అది మంచి అలవాటే. అర్థము తెలిసి, ఇష్టపడి నేర్చినది బ్రదుకంతయు వెంటవచ్చును. పరీక్షనాటికి మాత్రమే గొంతులో నిలిపినది పరీక్షతోడనే జారిపోవును. సంగ్రహములును, ప్రశ్నోత్తరమాలికలును చేతబట్టుకొని మన పఠనమందిరమునకు వచ్చు యువకులను ఒక్కటి వేడుచున్నాను. వానిని చదువుడు, తప్పులేదు. కాని వెనుక బీరువాలో మూలగ్రంథము వేచియున్నది. దానిని గూడ ఒకమారు మొదటినుండి తుదివరకు చదువుడు. అది ఏనాడు, ఏ దేశమున అక్కరకు వచ్చునో ఎవరు చెప్పగలరు?