నీటిలోని వ్యాధిని గుర్తించిన వైద్యుడు – హెన్రీ షార్ట్

మార్కాపురం పలకపై ఓనమాలు దిద్దుకొని పెద్దవారైనవారు తెలుగునాట ఎందరో కలరు. ఆ పట్టణానికి తూర్పున పొదిలి, దర్శి, ఆగ్నేయాన కనిగిరి ఉన్నవి. వర్షాలు చాలని ఈ మెట్టసీమలో పలకలు చేతబట్టిన చిన్నారుల పళ్ళపై గోధుమవన్నె మచ్చలు కానవచ్చేవి. ఎంత తోమినను ఆ గార వదలదు. నడివయస్సుకే కొందరికి నడుము వంగి, మెడ బిగిసి, కాళ్ళు చేతులు స్వాధీనం తప్పేవి. ఈ దుఃస్థితికి మూలమేమో భారతదేశానికి మొదటగా తెలిపిన వైద్యులలో హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ ముఖ్యులు.

షార్ట్ 1887లో పంజాబులో జన్మించినారు. స్కాట్లండులోని అబర్డీన్‌లో వైద్యవిద్య ముగించి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినారు. అస్సాములో కాలా అజార్ జ్వరంపై ఏండ్ల తరబడి పరిశోధన సాగించినారు. పిమ్మట మదరాసు చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరైనారు. పొదిలి, దర్శి, కనిగిరి ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి.

ఆ ప్రాంతపు రోగుల బాధను షార్ట్, ఆయన సహచరులు కేవలం కీళ్ళనొప్పిగా భావించి ఊరుకొనలేదు. రోగి ఎముకలతోపాటు అతడు త్రాగిన బావినీటిని కూడ పరిశీలింపవలెనని తలచినారు. ఆ నీటిలో ఫ్లోరైడు మితిమీరి ఉన్నదని తేలినది. 1937లో మెక్‌రాబర్ట్, పండిట్, రాఘవాచారి ప్రభృతులతో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసాలు మనదేశంలో ఫ్లోరోసిస్‌ను గురించిన తొలి శాస్త్రీయ నివేదికలలోనివి. నాటివరకు విధివ్రాత అనుకొన్నది త్రాగునీటి దోషమని నిరూపితమైనది.

ఈ విషాన్ని ఎవ్వరూ కలుపలేదు. నల్లరాతి పొరలలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు సహజంగా ఉంటుంది. వాననీరు కొరవడి, భూగర్భజలం చిరకాలం రాతిని అంటిపెట్టుకొని ఉన్నప్పుడు, అందునా సున్నపు పాలు తక్కువైన నీరైతే, అది మరింతగా కరుగుతుంది. చూపునకు నీరు నిర్మలమే. కాచిన కొద్దీ నీరు ఆవిరియై, ఫ్లోరైడు చిక్కబడునే గాని తొలగిపోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశం. పళ్ళు ఏర్పడే ప్రాయంలో ఈ నీరు త్రాగిన బిడ్డకు గార శాశ్వతం. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలే గట్టిపడిపోతవి. వంగిన ఎముకను తిరిగి నిలుపగల మందు లేదు. కనుక నివారణమే చికిత్స.

షార్ట్ కీర్తి పిమ్మట ఇతర పరిశోధనల వలన విస్తరించినది. కాలా అజార్‌ను ఇసుకదోమ మనుష్యులకు సంక్రమింపజేయునని 1942లో స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి నిరూపించినారు. మలేరియా క్రిమి రక్తంలో ప్రవేశించుటకు ముందు కాలేయంలో పెరుగునని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నారు. 1950లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. నిండు నూరేండ్లు జీవించి 1987లో అస్తమించినారు.

లోకం ఆయనను మలేరియా పరిశోధకుడుగా స్మరిస్తుంది. పశ్చిమ ప్రకాశం మాత్రం ఆయనను 1937తో స్మరింపవలెను. రోగానికి పేరు పెట్టుటకును, దానిని పోగొట్టుటకును నడుమ దూరం ఎంతో ఉన్నది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతి వెలువడునప్పటికి 1970వ దశకం వచ్చినది. కృష్ణాజలాన్ని ఈ సీమకు తెచ్చుటకై తలపెట్టిన వెలిగొండ పథకానికి శంకుస్థాపన 1996లో జరిగినది.

నేడు జలదోషం రాతినుండి మాత్రమే రాదు. మలేరియా దోమలపైనను, పైరులపైనను చల్లిన డి.డి.టి. వంటి క్లోరిను సమ్మేళనాలు నీటిలో అంతగా కరుగవు. అవి చెరువు అడుగున ఒండ్రును పట్టుకొని ఏండ్ల కొలది నిలుస్తవి. ఇట్టి దోషాలను కన్ను గాని నాలుక గాని పసిగట్టలేవు, పరీక్ష ఒక్కటే పసిగట్టగలదు. తరగతిలో నలుగురు పిల్లల పళ్ళపై ఒకే తీరు మచ్చలు కనిపించిన ఉపాధ్యాయుడు వారిని మందలింపక, వారు త్రాగే బావినీటిని పరీక్షకు పంపించుగాక. షార్ట్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదియే.