తాళపత్రముల కాపరి – సి. పి. బ్రౌను

క్రీస్తుశకము 6వ శతాబ్దమున రోమా సామ్రాజ్యము కూలి, పూర్వుల విద్యలు అడుగంటుచుండగా, ఇటలీ దేశస్థుడగు కసియొడోరసు తన వివారియము మఠమున సన్యాసులచేత ప్రాచీన గ్రంథములకు ప్రతులు వ్రాయించి కాపాడెను. పరిశుద్ధ గ్రంథముతోపాటు లౌకిక గ్రంథములకును అచట చోటు దొరకెను. పదుమూడు శతాబ్దముల పిమ్మట అట్టి సేవనే తెలుగునకు చేసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరములుగా కాపురముండి, వంగదేశమున తెలుగును నిలుపుకొనుచున్న మన సహోదరులకు ఈయన చరిత్ర మరింత సన్నిహితము. ఏలయనగా ఈయనయు వంగదేశముననే పుట్టెను.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను ఈస్టిండియా కంపెనీవారి గురువు. క్రొత్త నిబంధనను ఉర్దూ, పారసీక భాషలలోనికి తర్జుమా చేసిన హెన్రీ మార్టినుకు ఆయన ఆశ్రయమిచ్చెను. 1812లో తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరెను. 1817లో చార్లెస్ కంపెనీ ఉద్యోగియై మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించెను. 1820లో కడపలో ఉద్యోగమున ప్రవేశించెను.

అప్పటికి కావ్యములను పోషించు ప్రభువులు కరవైరి. తాటాకు ప్రతులు చెదల పాలగుచుండెను. లేఖకుల పొరపాట్లచే ఒక్క పద్యమే పలు రూపముల నుండెను. 1824లో బ్రౌను వేమన పద్యముల సేకరణకు పూనుకొని, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1839 నాటి ముద్రణలో వాటి సంఖ్య 1,164కు పెరిగెను.

కడపలోని తన బంగళాలో పండితులకు స్వంత ధనముతో జీతములిచ్చి పోషించెను. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య మొదలగువారు ప్రతులను సరిపోల్చి, పాఠభేదములు గుర్తించి, శుద్ధప్రతులు సిద్ధపరచుచుండిరి. వచ్చు జీతము చాలక బ్రౌను అప్పులపాలయ్యెను. అయినను పని మానలేదు. 1837లో తిరిగి వచ్చుటకు ముందు ఇంగ్లండులో గడపిన దినములలో సైతము, లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు మద్రాసు చేరునట్లు చేసెను.

పాదిరి కుమారునికి మనుచరిత్ర, వసుచరిత్రలతో పని యేమని కొందరికి తోచవచ్చును. ఒక ప్రజను ప్రేమించువాడు వారి పలుకును ప్రేమింపక తప్పదు. ఆ కావ్యములను అచ్చొత్తించిన బ్రౌనే తెలుగు బైబిలు అనువాదమునందును శ్రమించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరియందలి క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. నేటికిని పండితులు దానిని తెరచుచున్నారు.

1855లో బ్రౌను భారతదేశము విడిచెను. లండను యూనివర్సిటీ కళాశాలలో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న అచటనే కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా ఉండిన చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయము వెలసియున్నది.

ప్రియ చదువరీ, బ్రౌను క్రొత్త కావ్యమేదియు రచింపలేదు. నశింపనున్న దానిని ఏరి, సరిచూచి, మరుసటి తరమునకు అప్పగించెను. పరభాషల నడుమ తన బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని తెలుగు అక్షరములు దిద్దించు ఖరగ్‌పూర్ తల్లియు ఆ సేవలో పాలివారే. కనుగొనబడిన దానికంటె కాపాడబడినది తక్కువైనది కాదు.