ఎముకను పెంచిన వైద్యుడు

విరిగిన ఎముకను సరిచేసి, కదలకుండా కట్టి ఉంచితే అది తిరిగి అతుక్కుంటుంది. ఈ సంగతి పూర్వులకు తెలుసు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. అయితే పొట్టిగా ఉన్న ఎముకను పొడవుగా పెంచడం సాధ్యమా? సాధ్యమేనని లోకానికి చూపిన వైద్యుడు గావ్రీల్ ఇలిజరోవ్. ఆయన కాళ్ల ఎముకల కోసం రూపొందించిన పద్ధతి తరువాతి కాలంలో ఊపిరాడని పసిపిల్లల ప్రాణాలను కూడా కాపాడింది.

ఇలిజరోవ్ 1921 జూన్ 15న పోలండులోని బియలోవేజా అనే ఊరిలో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించాడు. ఆరుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు. కొంతకాలానికి ఆ కుటుంబం అజర్‌బైజాన్ కొండ ప్రాంతంలోని కుసారీకి చేరుకుంది. పేదరికం వల్ల ఆయన చాలా ఆలస్యంగా బడిలో చేరాడు. అయినా పట్టుదలతో చదివి తోటివారిని అందుకున్నాడు. 1939లో క్రిమియాలోని సింఫెరోపోల్ వైద్య కళాశాలలో ప్రవేశించాడు. రెండేళ్లకే ఆ దేశాన్ని యుద్ధం చుట్టుముట్టింది. కళాశాలను దూరాన ఉన్న కజకిస్తాన్‌కు తరలించారు. అక్కడే చదువు ముగించి 1944లో వైద్యుడయ్యాడు.

ప్రభుత్వం ఆయనను కుర్గాన్ ప్రాంతంలోని దోల్గోవ్కా అనే మారుమూల పల్లెకు పంపింది. యుద్ధంలో కాళ్లు చేతులు విరిగినవారు అప్పుడు ఎందరో ఉండేవారు. పిండికట్టు వేసుకుని నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకుని ఉండేవారు. అంత శ్రమపడినా కొందరికి ఎముక అతుక్కునేది కాదు. మరికొందరికి కాలు కురచ అయ్యేది. ఈ బాధను కళ్లారా చూసిన ఇలిజరోవ్ 1951లో ఒక పరికరాన్ని తయారుచేశాడు. విరిగిన చోటికి పైన, కింద లోహపు వలయాలు అమర్చాడు. సన్నని తీగలను ఎముక గుండా దూర్చి, సైకిలు చక్రానికి పుల్లలు బిగించినట్లు వలయాలకు బిగించాడు. ఆ వలయాలను మరలున్న కడ్డీలతో కలిపాడు. నట్లు తిప్పితే ఎముక ముక్కలు దగ్గరకు జరుగుతాయి.

ఒకసారి ఒక రోగి నట్లను తిప్పవలసిన వైపు కాక రెండవ వైపు తిప్పాడని చెబుతారు. ఎముక ముక్కలు దూరం జరిగాయి. కాని ఆ ఖాళీలో కొత్త ఎముక పుట్టుకొచ్చింది! దీనిని గమనించిన ఇలిజరోవ్ ఏళ్ల తరబడి పరిశోధనలు చేశాడు. ఎముకను జాగ్రత్తగా కోసి, కొన్ని రోజులు ఆగి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతలుగా ఎడం చేయాలని తేల్చాడు. తొందరపడితే కొత్త ఎముక ఏర్పడదు. మరీ ఆలస్యం చేస్తే కోసిన చోటు ముందే అతుక్కుపోతుంది. తగిన వేగంతో లాగితే ఎముకతోపాటు కండ, చర్మం, నరాలు, రక్తనాళాలు కూడా పెరుగుతాయి.

యానాం ఫ్రెంచి పాలన నుంచి విముక్తి పొందిన 1954లోనే ఆయన పరికరానికి ప్రభుత్వ ధ్రువపత్రం లభించింది. అయినా రాజధానిలోని పెద్ద వైద్యులు ఒక మారుమూల వైద్యుని మాటను చాలాకాలం నమ్మలేదు. 1964 ఒలింపిక్స్‌లో ఎత్తు దూకడంలో స్వర్ణపతకం గెలిచిన వలేరీ బ్రూమెల్ మరుసటి సంవత్సరం మోటారు సైకిలు ప్రమాదంలో కాలు పోగొట్టుకునే స్థితికి వచ్చాడు. ఎన్ని శస్త్రచికిత్సలు చేసినా నయం కాలేదు. 1968లో ఇలిజరోవ్ చికిత్స చేశాక అతడు మళ్లీ ఎత్తు దూకాడు. దానితో ఇలిజరోవ్ పేరు దేశమంతటా మారుమోగింది. 1971లో కుర్గాన్‌లో ఆయన ఆధ్వర్యంలో పరిశోధన సంస్థ ఏర్పడింది. 1981లో ఆయన ఇటలీ వెళ్లి తన పద్ధతిని అక్కడి వైద్యులకు వివరించాడు. అప్పటి నుంచి అది పాశ్చాత్య దేశాలకు వ్యాపించింది.

ఇదే సూత్రం దవడకూ పనికివచ్చింది. కొందరు శిశువులు చాలా చిన్న కింది దవడతో పుడతారు. నాలుకను ముందుకు పట్టి ఉంచేది ఆ దవడే. అది కురచగా ఉంటే నాలుక వెనక్కు పడి గొంతును మూసివేస్తుంది. శిశువుకు పాలు తాగడం కష్టమవుతుంది, ఊపిరి తీయడం ఇంకా కష్టమవుతుంది. యానాం ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో, 1923లో, పియేర్ రోబాఁ అనే ఫ్రెంచి దంతవైద్య నిపుణుడు ఈ ప్రమాదాన్ని వివరించాడు. ఆయన పేరుతోనే ఈ లోపాన్ని నేటికీ పిలుస్తారు.

ఇలాంటి శిశువులలో చాలామందికి బోర్లా పడుకోబెట్టడం, ముక్కు గుండా గొట్టం వేయడం వంటి ఉపాయాలు సరిపోతాయి. మరీ తీవ్రమైనప్పుడు గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చవలసి వచ్చేది. ఆ గొట్టం మూసుకుపోకుండా తల్లిదండ్రులు రాత్రింబవళ్లు కాపలా కాసేవారు. 1992లో న్యూయార్కు వైద్యుడు జోసెఫ్ మెకార్తీ, ఆయన సహచరులు ఇలిజరోవ్ సూత్రంతో నలుగురు పిల్లల దవడలను పొడిగించిన తీరును ప్రకటించారు. తరువాత ఈ చికిత్స పసికందులకూ అందింది. దవడ ఎముకను రెండు వైపులా కోసి చిన్న పరికరం అమర్చుతారు. ఒకటి రెండు రోజులు ఆగి, రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున మర తిప్పుతారు. పసివారి ఎముక త్వరగా పెరుగుతుంది కనుక ఈ వేగం వారికి తగినదే. దవడ ముందుకు వచ్చేకొద్దీ నాలుకా ముందుకు వస్తుంది. గాలికి దారి ఏర్పడుతుంది. కొత్త ఎముక గట్టిపడేదాకా కొన్ని వారాలు ఉంచి పరికరాన్ని తీసివేస్తారు. ఈ శస్త్రచికిత్స నేడు భారతదేశంలోని పెద్ద ఆసుపత్రులలోనూ జరుగుతోంది.

ఆ 1992వ సంవత్సరంలోనే, జూలై 24న, ఇలిజరోవ్ కుర్గాన్‌లో కన్నుమూశాడు. ఆలస్యంగా బడిలో చేరిన పేద బాలుడు, పల్లెలో పనిచేసిన సామాన్య వైద్యుడు, ఎముకకు తనంతట తాను పెరిగే శక్తి ఉందని గుర్తించాడు. ఎవరు నమ్మకపోయినా ఓర్పుతో దానిని నిరూపించాడు. ఒక్క రోజులో పెరిగే మిల్లీమీటరు కంటికి ఆనదు. కాని కొద్ది రోజులు గడిస్తే ఆ మిల్లీమీటర్లే ఒక పసిబిడ్డ హాయిగా ఊపిరి పీల్చడానికి చాలినంత చోటు కల్పిస్తాయి.