దీపం, గంజి, లెక్కల పుస్తకం: ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం

 జమాఖర్చులు, అప్పుల వసూళ్ళు, కొత్త సంఘాల వివరాలు ముందు పేజీల్లో చదివారు. ఇక్కడ కాసేపు లెక్కలు పక్కన పెట్టి ఒక స్త్రీ జీవితం చెప్పుకుందాం. ఈ ఏడాది మన సమావేశాల్లో ఆరోగ్యం గురించీ, తిండి గురించీ ఎక్కువ మాట్లాడుకున్నాం కాబట్టి ఫ్లారెన్స్ నైటింగేల్‌ని ఎంచుకున్నాం. దీపం పట్టుకున్న నర్సమ్మగా ఆమె బొమ్మ మనలో చాలామంది పిల్లల పాఠ్యపుస్తకాల్లో చూసే ఉంటారు. ఆ దీపం వెనక ఉన్న పని చాలామందికి తెలియదు. మన ఇళ్ళలో మంచం పట్టిన మనిషికి పనికొచ్చేది ఆ పనే.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండువాళ్ళు, బాగా కలిగినవాళ్ళు. తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు. ఆమెకు లెక్కలంటే ప్రాణం. ఇరవై ఏళ్ళు దాటేసరికి ఆమె మనసు రోగుల సేవ మీదికి పోయింది. 1845లో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి పని నేర్చుకుంటానని అడిగితే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆసుపత్రి అంటే మురికి కొంప. నర్సు అంటే తాగుబోతు మనిషి, గతిలేక ఆ పనికి వచ్చిన మనిషి అని పేరు. పెళ్ళి చేసుకుని కాపురం చేసుకోవాల్సిన పిల్లకు ఈ పనేమిటని తల్లీ అక్కా ఏడ్చారు. ఆమె పెళ్ళి వద్దంది. ఇంట్లో పోరుతూనే తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలు తెప్పించుకుని చదివింది. 1851లో, అంటే 31 ఏళ్ళ వయసులో, జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట మూడు నెలలు శిక్షణ తీసుకుంది. మొదటి సంఘం మీటింగుకు రావడానికి ఇంట్లో ఎన్ని మాటలు పడ్డామో మనకు గుర్తే. కలిగినింటి బిడ్డకూ ఆ పోరు తప్పలేదు.

1853లో లండన్‌లో జబ్బుపడిన ఆడవాళ్ళ కోసం నడిపే ఒక చిన్న ఆసుపత్రికి ఆమెను పెద్దగా పెట్టారు. అక్కడ చేరగానే కమిటీతో పేచీ వచ్చింది. తమ చర్చికి చెందినవాళ్ళనే చేర్చుకోవాలని కమిటీ అంది. కాథలిక్కులైనా, యూదులైనా రోగి రోగే, అందరినీ చేర్చుకోవాలి, వాళ్ళ మతగురువులను వాళ్ళ దగ్గరికి రానివ్వాలి, లేకపోతే నేను ఉండనని ఆమె తేల్చి చెప్పింది. కమిటీ దిగివచ్చింది. రోగి నమ్మకాన్ని గుమ్మం బయట వదిలి రమ్మంటే, సగం మనిషిని బయట వదిలి రమ్మన్నట్టే. అదే ఆసుపత్రిలో పై అంతస్తులకు వేడినీళ్ళు పైపుల్లో వచ్చేట్టు, అన్నం పళ్ళేలు లిఫ్టులో ఎక్కేట్టు ఏర్పాటు చేయించింది. నర్సు మెట్లు ఎక్కిదిగుతూ ఉంటే రోగి పక్కన ఎవరుంటారన్నది ఆమె ఆలోచన.

1854లో రష్యాతో క్రిమియా యుద్ధం వచ్చింది. దెబ్బలు తగిలిన ఇంగ్లీషు సిపాయిలను ఓడల మీద టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. అక్కడ దిక్కులేని చావులు చస్తున్నారని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం అడిగితే ఆమె 38 మంది ఆడవాళ్ళతో బయలుదేరి నవంబరు 4న అక్కడికి చేరింది. వాళ్ళలో కాథలిక్ సన్యాసినులు, వేరే చర్చి సిస్టర్లు, జీతానికి పనిచేసే నర్సులు ఉన్నారు. ఒకరికొకరు పడని వాళ్ళందరినీ ఒకే వార్డులో పనిచేయించింది. రోగి పక్కన మతబోధ చెయ్యకూడదని గట్టిగా చెప్పింది.

డాక్టర్లు మొదట వీళ్ళను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె గొడవ పడలేదు. పిలిచేదాకా తన మనుషులను ఆపి, ఆ లోపల వంట సంగతి చూసింది. అక్కడ వంటంటే పెద్ద రాగి గంగాళాల్లో మాంసం ముక్కలు పడేసి ఉడకబెట్టడమే. ఎవరి వాటా ఎవరిదో తెలియడానికి ముక్కకు గుడ్డపీలిక కట్టేవాళ్ళు. కొందరికి పచ్చి ముక్క, కొందరికి ఎముక వచ్చేది. విరేచనాలతో పడి ఉన్నవాడు, చిగుళ్ళు వాచినవాడు ఆ ముక్కను ఏం నములుతాడు? ఆమె వేరే చిన్న వంటిళ్ళు పెట్టి, డాక్టరు చీటీ రాసినవాళ్ళకు గంజి, జావ, సూపు వండించి అందించింది. మరుసటి ఏడు అలెక్సిస్ సోయర్ అనే పేరున్న వంటమాస్టరు వచ్చి ఆసుపత్రి వంటనంతా సరిచేశాడు. అదే చలికాలం క్రిమియాలో ఇంకో ఘోరం జరిగింది. కూరగాయలు లేక సిపాయిలకు చిగుళ్ళు కుళ్ళే జబ్బు వస్తుంటే, దానికి మందైన నిమ్మరసం వారాల తరబడి స్టోరులోనే ఉండిపోయింది. రోజువారీ రేషనులో దాన్ని ఇమ్మని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. సరుకు ఉండటం వేరు, నోటికి అందడం వేరు.

బట్టలు ఉతికించడానికి ఆమె ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సిపాయిల భార్యలకే ఆ పని ఇచ్చి కూలి ఇప్పించింది. సిపాయిలు జీతమంతా తాగి పాడుచేస్తారు, వాళ్ళింతే అని అధికారులు అనేవాళ్ళు. ఇంటికి డబ్బు పంపే దారి వాళ్ళకు లేదని ఆమె గమనించింది. వారంలో ఒక పూట కూర్చుని ఎవరెంత ఇచ్చినా రాసుకుని వాళ్ళ ఇళ్ళకు పంపించేది. తర్వాత ప్రభుత్వమే మనియార్డరు ఆఫీసులు పెట్టింది. ఆరు నెలల్లో దాదాపు 71 వేల పౌండ్లు భార్యాపిల్లలకు చేరాయి. పొదుపు చేసే అలవాటు పేదవాళ్ళకు లేదనే మాట మనమూ విన్నాం. దారి చూపిస్తే అలవాటు ఎలా వస్తుందో మన పాసుపుస్తకాలే చెబుతాయి.

రాత్రిపూట లాంతరు పట్టుకుని మైళ్ళ కొద్దీ మంచాల మధ్య తిరిగేది. అందుకే దీపం పేరు వచ్చింది.

ఇప్పుడు చెప్పేది పాఠ్యపుస్తకాల్లో ఉండని సంగతి. ఇంత చేసినా ఆ చలికాలం చావులు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ నూటికి 42 మంది దాకా చనిపోయారు. ఆసుపత్రి కట్టడం కిందే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. తాగేనీటి దారిలో చచ్చిన జంతువు ఉంది. మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుధ్య సంఘం వచ్చి కాలువలు కడిగించి, గాలి ఆడేట్టు చేయించి, గోడలకు సున్నం కొట్టించింది. జూను నాటికి చావులు నూటికి రెండుకు దిగాయి. అప్పటిదాకా ఆమె కూడా తిండి చాలక, నీరసంగా ఆలస్యంగా వచ్చి చనిపోతున్నారనే అనుకుంది. 1856లో ఇంటికొచ్చాక, విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడితో కూర్చుని చావుల పట్టికలన్నీ తిరగేసింది. దెబ్బలతో చచ్చినవాళ్ళకంటే మురికివల్ల వచ్చిన జబ్బులతో చచ్చినవాళ్ళే ఎన్నోరెట్లు ఎక్కువ. తన కళ్ళముందే, తాను నడిపిన చోటే ఇది జరిగిందని అప్పుడు అర్థమైంది.

ఆ నిజాన్ని ఆమె దాచలేదు. దేశమంతా ఆమెను పొగుడుతున్న రోజులవి, నోరు మూసుకుని ఉంటే అడిగేవాళ్ళు లేరు. ఆమె మాత్రం నెలనెలా ఎంతమంది, ఎందుకు చనిపోయారో రంగులు వేసిన వృత్తపు బొమ్మలుగా గీయించి, చదవనివాళ్ళకు కూడా కనపడేట్టు ప్రభుత్వం ముందు పెట్టింది. యుద్ధంలో వచ్చిన జ్వరం ఆమెను వదలలేదు. తర్వాతి జీవితంలో చాలా ఏళ్ళు మంచం మీద నుంచే పనిచేసింది. తన పేరు మంచిగా ఉన్నప్పుడే తన చోట జరిగిన తప్పును లెక్క కట్టి చూపించడం చిన్న ధైర్యం కాదు.

రోగి దగ్గర ఎలా మెలగాలో ఇంట్లో ఆడవాళ్ళ కోసమే ఆమె ఒక పుస్తకం రాసింది. అది 1860 నాటికి జనం చేతుల్లోకి వచ్చింది. తర్వాత కూలి జనం కొనుక్కునేట్టు తక్కువ ధరకు కూడా వేశారు. అందులోని సంగతులు కొన్ని మన మాటల్లో చెప్పుకుందాం.

మొదటిది, చూడటం. మనం జబ్బుమనిషి దగ్గరికెళ్ళి ఎలా ఉందని అడుగుతాం, బాగానే ఉందంటారు, అయిపోయింది. రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడిగితే ఏమీ తెలియదంటుంది ఆమె. ఒకరికి రెండు గంటలు పడితే బాగా పట్టినట్టు, ఒకరికి పది గంటలు పట్టినా చాలనట్టు. ఎన్ని గంటలు పట్టింది, ఏ వేళలో పట్టింది అని అడగాలి. అన్నం తినలేదంటే, ఎందుకు తినలేదో నాలుగు రకాలుగా చూడమంది: వండటంలో తప్పా, పెట్టిన పదార్థం సరిపడలేదా, పెట్టిన వేళ కుదరలేదా, నిజంగానే ఆకలి లేదా. ఈ నాలుగింటికీ మందు వేర్వేరు. అన్నిటినీ కలిపి తినట్లేదని ఒక్క మాటలో చెబితే డాక్టరుకైనా ఏం తెలుస్తుంది?

రెండోది, తిండి. ఇంట్లో తిండి ఉండి కూడా పెట్టే తీరు తెలియక రోగులు ఆకలితో నీరసించిపోతారని ఆమె చెప్పింది. బాగా నీరసపడ్డవాళ్ళు పొద్దున పదకొండు దాకా గట్టి పదార్థం తినలేరు. వాళ్ళకు ఏడు గంటల నుంచి గంటకో చెంచా పల్చటిది పోస్తూ ఉండాలి. తినని పళ్ళేన్ని తర్వాత తింటారులే అని మంచం పక్కనే వదలొద్దు, దాన్ని చూస్తుంటేనే ఉన్న ఆకలీ పోతుంది. తింటున్నప్పుడు ఇంటి గొడవలు, అప్పుల మాటలు ఎత్తొద్దు. మాంసం ఉడికిన నీళ్ళలో బలమంతా ఉందనుకునేవాళ్ళు ఆ రోజుల్లో. ఆ నీళ్ళను ఇగరబెట్టి చూస్తే మిగిలేది కొంచెమేనని ఆమె చూపించింది. మనమూ పప్పు తీసేసి పైతేట నీళ్ళే పోసి బలం వస్తుందనుకుంటాం. మెత్తగా మెదిపిన పప్పు కూడా పొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రోగి కడుపు ఏది ఒప్పుకుంటుందో ఆ కడుపునే అడగమంది. ఆ మనిషి పుట్టినప్పటి నుంచి తిన్న తిండి ఏమిటో తెలియకుండా పథ్యం చెప్పకూడదు.

పెద్దలు ఆమెకు కానుకగా పోగుచేసిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. మొదటి జట్టులో పదిహేను మంది. అక్కడ చదివినవాళ్ళు దేశదేశాలకు వెళ్ళి ఆ పని నేర్పారు.

మన దేశానికి ఆమె ఎప్పుడూ రాలేదు. కానీ నలభై ఏళ్ళు మన గురించి రాసింది. ఇక్కడి దండుల్లో ఏటా వెయ్యికి 69 మంది సిపాయిలు చనిపోతున్నారని 1863లో వచ్చిన నివేదిక వెనక ఉన్నది ఆమే. తర్వాత ఆమె చూపు సిపాయిల నుంచి పల్లెల మీదికి మళ్ళింది. గోదావరికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, కరువుకు కాలువల నీళ్ళే మందని వాదించింది. మన రాయలసీమ పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 కరువు తర్వాత, రైతు ఆకలికి వానతో పాటు వడ్డీవ్యాపారి కూడా కారణమని రాసింది. మొదట్లో పైనుంచి ఉత్తర్వులు వేస్తే చాలనుకున్న ఆమె, వయసు మీదపడ్డాక వేరేగా చెప్పింది. ఊరిజనం భాష తెలిసినవాళ్ళు, వాళ్ళ ఆచారం తెలిసినవాళ్ళు, వాళ్ళు నమ్మినవాళ్ళు వెళ్ళి చెప్పాలంది. 1892లో ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లులతో మాట్లాడే ఆడవాళ్ళకు శిక్షణ ఇప్పించింది. ఉపన్యాసం వద్దు, పక్కన కూర్చుని మాట్లాడండి అన్నది వాళ్ళకు నేర్పిన పాఠం. మన ఆశా కార్యకర్తలు తిరిగేది అలాంటి బాటలోనే.

ఆమె కథ చెప్పేటప్పుడు మేరీ సీకోల్‌నూ తలుచుకోవాలి. జమైకాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. వైద్యం తెలిసిన మనిషి. యుద్ధానికి వెళతానంటే లండన్‌లో తీసుకోలేదు. సొంత డబ్బుతో వెళ్ళి బాలక్లావా దగ్గర సిపాయిలకు తిండి పెట్టి మందు వేసింది. ఆమె పేరు చాలా ఏళ్ళు మరుగున పడింది. ఒకరి దీపం వెలుగుతుంటే ఇంకొకరు చీకట్లో ఉండిపోతారు, మన సంఘాల్లో కూడా అది చూసుకోవాలి.

నైటింగేల్‌కు చివరి ఏళ్ళలో చూపు పోయింది. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ళ వయసులో లండన్‌లో కన్నుమూసింది. రాజుల పక్కన సమాధి చేస్తామంటే ఇంటివాళ్ళు వద్దన్నారు. ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గరే పెట్టారు. రాతి మీద ఆమె పేరు పూర్తిగా లేదు, రెండు అక్షరాలు, తేదీలే ఉన్నాయి. ఆమె పుట్టినరోజునే నర్సుల దినంగా ప్రపంచమంతా జరుపుకుంటుంది.

అక్కలారా, మనం నర్సులం కాము. కానీ బాలింతకు పథ్యం పెట్టేది మనం, ముసలి అత్తకు గంజి తాగించేది మనం, జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన రాత్రంతా కూర్చునేది మనం. బాలింత ఆకుకూర తినకూడదని అత్తగారంటే, ఆమెను తిట్టి లాభం లేదు. ఆ ఇంట్లో వద్దనని బలమైన తిండి ఏముందో, పాలా, పప్పా, గుడ్డా, ముందు అడిగి తెలుసుకుని అక్కడి నుంచి మొదలుపెడదాం. రక్తం తక్కువున్నా, జ్వరం తగ్గకపోయినా ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళదాం. వెళ్ళేటప్పుడు ఎన్ని గంటలు పడుకున్నారు, ఎంత తిన్నారు, ఎన్నిసార్లు విరేచనమైంది అన్నవి ఒక చీటీ మీద రాసి తీసుకెళదాం. వారం వారం పొదుపు రాసే చెయ్యే కదా, ఆ నాలుగు ముక్కలూ రాయగలదు.