కుటుంబ న్యాయస్థానం వెనుక ఒక తెలుగు మహిళ

సికింద్రాబాదులో ఒక కుటుంబ న్యాయస్థానం ఉన్న సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. కొందరికి అది తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కొన్నేళ్ళ క్రితం, మా దగ్గర చిన్నప్పుడు ఖురాన్ పారాయణం నేర్చుకున్న ఒక అమ్మాయి తన సియాహానామా తీసుకుని మా ఇంటికి వచ్చింది. అది ఉర్దూలో ఉంది. వకీలు చదువుకోవడానికి తెలుగులో రాసి ఇమ్మని అడిగింది. మెహర్ ఎంత, సాక్షులెవరు, తేదీ ఏది అని మేము రాస్తూ ఉండగా ఆమె ఎడమ ముంజేతి ఎముక వంకరగా అతుక్కుని ఉండటం కనిపించింది. మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. కాగితం తీసుకుని సలాం చెప్పి వెళ్ళిపోయింది.

భార్యాభర్తల వ్యవహారాలకు దొంగతనాల కోర్టు, అప్పుల కోర్టు కాకుండా వేరే కోర్టు ఉండాలన్న ఆలోచన మన దేశంలో మొదట బలంగా ముందుకు తెచ్చినవారిలో ఒక తెలుగు మహిళ ఉన్నారన్న విషయం మాకు ఆ తర్వాతే తెలిసింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. విద్యానగర్‌లో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రికి మన స్త్రీలు ఎందరో వెళుతుంటారు. పేరు తెలిసినంతగా ఆమె జీవితం తెలియదు.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. వింత ఏమిటంటే, ఈడు వచ్చాక ఆమె ఈ సంసారం తనకు వద్దని భర్తకు తానే చెప్పుకున్నారు, తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆమెది దెబ్బలు తిన్న కథ కాదు. కానీ ఇష్టం లేని కాపురానికి కూతుర్ని సాగనంపని ఇల్లు అది. తర్వాత ఆమె చేసిన పనులన్నిటికీ పునాది అక్కడే పడిందని మా అభిప్రాయం. ఆ భర్త వేరే పెళ్ళి చేసుకున్నారు. ఆయన చనిపోయాక దిక్కులేనిదైన ఆ రెండో భార్యను చేరదీసి, చేతిపని నేర్పించి, సొంత కాళ్ళపై నిలబెట్టింది కూడా దుర్గాబాయే. ఇలాంటి పని ఎంతమంది చేయగలరో పాఠకులే ఆలోచించాలి.

1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు దుర్గాబాయికి ఇంకా పన్నెండేళ్ళు నిండలేదు. ఊళ్ళోని దేవదాసీ స్త్రీలు, పర్దాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఆ పిల్లకు తోచింది. పెద్దల సభలో వారికి చోటు లేదు. నిర్వాహకులను అడిగితే, 5000 రూపాయల నిధి ఇస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ డబ్బు దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. పాఠశాల ఆవరణలో సభ జరిగింది. గాంధీ ఐదు నిమిషాలకు బదులు అరగంటకు పైగా కూర్చున్నారు. స్త్రీలు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. వసూలైనది 25,000 రూపాయల దాకా ఉంటుందని లెక్క. గాంధీ హిందుస్తానీలో మాట్లాడితే దుర్గాబాయి తెలుగులో చెప్పింది. అది నచ్చి, తర్వాతి పెద్ద సభలోనూ ఆ పిల్లనే అనువాదానికి నిలబెట్టారు.

ఆనాడు కాకినాడలో బురఖా మాటున కూర్చున్న ఆ తల్లుల పేర్లు చరిత్ర రాసుకోలేదు. వారిని లెక్కలోకి తీసుకోవాలని ఒక హిందూ బాలికకు తోచింది, ఊరి పెద్దలకు తోచలేదు. రెండేళ్ళ తర్వాత, 1923 డిసెంబరులో, అదే కాకినాడలో మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా ఉన్న దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. ఈ సంగతి అందరూ చెప్పుకునేదే.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె మద్రాసులో అరెస్టయ్యారు. 1930 నుంచి 1933 వరకు పలుమార్లు జైలు. మధుర జైలులో చాలాకాలం ఒంటరి గదిలో ఉంచారు. అక్కడే ఆమె హత్యానేరాలపై వచ్చిన పేద స్త్రీలను చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏం జరిగిందో సరిగా తెలియనివారు వారిలో ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక ఆమెలో అక్కడ బలపడింది. అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. విడుదలయ్యాక మెట్రిక్, బి.ఏ., ఎం.ఏ. ఒక్కొక్కటే పూర్తిచేసి, 1942లో వకీలయ్యారు. ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నెలకొల్పారు. వితంతువులకు, భర్తలు వదిలేసినవారికి అక్కడ చదువు, చేతిపని, తలదాచుకునే చోటు దొరికాయి. తరువాత హైదరాబాదుకూ ఆ సభ వచ్చింది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల పట్టికలో ఉన్న ఏకైక మహిళ ఆమె. ఆస్తిలో స్త్రీకి వాటా కోసం గట్టిగా వాదించారు. జాతీయ భాష చర్చలో, హిందీ ఉర్దూ కలిసిన హిందుస్తానీ ఉండాలని ఆమె పట్టుబట్టారు. మాలాంటి ఉర్దూ పంతుళ్ళు ఈ ఒక్క మాటకైనా ఆమెను గుర్తుంచుకోవాలి.

1953లో సి.డి. దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చైనా పర్యటనకు వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండటం చూశారు. తిరిగివచ్చి ఆ సంగతి నెహ్రూతోనూ, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ చర్చించారు. ఆలోచన బాగుందన్నవారే గాని, చట్టం చేయడానికి మూడు దశాబ్దాలు పట్టింది. దుర్గాబాయి 1981 మే 9న మరణించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆమె దాన్ని చూడలేదు.

ఈ చట్టం ఏ ఒక్క మతానికో పరిమితం కాదు. ముస్లిం స్త్రీ మనోవర్తికి, బిడ్డల సంరక్షణకు, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద ఫస్ఖ్‌కు ఈ కోర్టుకే వెళ్ళాలి. ఆ 1939 చట్టంలో భర్త తరచూ కొట్టడం వివాహ రద్దుకు ఒక కారణంగా స్పష్టంగా రాసి ఉంది. దాని వెనుక మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి ఉలమాల కృషి ఉంది. ఖులా విషయానికి వస్తే, దానిని కోరే పూర్తి హక్కు భార్యకు ఉందనీ, భర్త ఒప్పుకోకపోయినా అది ఆగదనీ తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు ఇచ్చింది. మేము చదువుకున్న హనఫీ గ్రంథాల్లో భర్త సమ్మతి కావాలనే ఉంది. ఉలమాల మధ్య ఆ చర్చ ముగియలేదు. దానిని దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు.

ఒక సంగతి మాత్రం మమ్మల్ని కలవరపెడుతూ ఉంటుంది. కుటుంబ న్యాయస్థానం ముందు రాజీకి ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది. మన మొహల్లా పెద్దలూ మొదట సుల్హ్ మాటే ఎత్తుతారు. మాటపట్టింపులకు, అత్తాకోడళ్ళ గొడవలకు రాజీ మంచిదే. కానీ ఎముక విరిగిన పిల్లను అదే ఇంటికి పంపడం రాజీ ఎలా అవుతుంది? మేమూ ఆ పెద్దల్లో కూర్చున్నవాళ్ళమే, సర్దుకుపొమ్మని చెప్పినవాళ్ళమే. సాబిత్ బిన్ ఖైస్ భార్య హబీబా బిన్తె సహల్ తెల్లవారుజామున చీకట్లో దైవప్రవక్త (స) గుమ్మం ముందు నిలబడిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉంది. భర్త ఆమెను కొట్టి గాయపరిచాడని ఒక ఉల్లేఖనం చెబుతోంది. సాబిత్ సామాన్యుడు కాదు, పేరున్న సహాబీ. అయినా ప్రవక్త (స) ఆమెను ఓర్చుకొమ్మని వెనక్కి పంపలేదు. మెహర్‌గా ఇచ్చింది తిరిగి తీసుకుని విడిపొమ్మని సాబిత్‌ను ఆదేశించారు. మద్రసాలో ఈ హదీసు మేము ఖులా అధ్యాయంలో చదివాం. దెబ్బల సంగతి దగ్గర ఆగింది లేదు.

దుర్గాబాయి ఆసుపత్రికి దగ్గర్లోనే నల్లకుంట పోలీసు స్టేషను ఉంది. 1978లో అక్కడ ఒక ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగి, ఆమె భర్త దెబ్బలకు చనిపోతే నగరమంతా అట్టుడికింది. విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టింది, కోర్టులో మాత్రం వారు విడుదలయ్యారు. ఇలాంటి కేసుల మీద రేగిన ఆందోళన తర్వాతే, 1983లో, అత్యాచార చట్టాన్ని సవరించారు. బాధితురాలి పేరు ప్రచురించడం అప్పటినుంచి నేరం. ఇక్కడ ఆమె పేరు రాయకపోవడానికి కారణం అదే.

2005 నాటి గృహహింస చట్టం దుర్గాబాయి కోరినదాన్ని ఇంకాస్త ముందుకు తీసుకుపోయింది. విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగవచ్చు. ఈ పిటిషన్‌ను మేజిస్ట్రేటు ముందు వేయాలి. కుటుంబ న్యాయస్థానంలో కేసు నడుస్తుంటే అక్కడే ఈ ఉపశమనాలు కోరవచ్చు. స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతారు, న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే చాలు. 181 నంబరుకు ఫోను చేస్తే సఖి కేంద్రం దారి చూపిస్తారు. హైదరాబాదు పోలీసుల భరోసా కేంద్రం 2016లో మొదలైంది. అత్యాచారానికి గురైనవారికి వైద్యం, వాంగ్మూలం, ధైర్యం చెప్పే మనిషి అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

సియాహానామా పోయిందని ఆగిపోయేవారు ఉన్నారు. నికాహ్ చేయించిన ఖాజీ దఫ్తరులో నకలు ఉంటుంది, నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో వివాహ ధ్రువపత్రం ఇస్తారు. అది ఉర్దూలో ఉండి చదవలేకపోతే, దగ్గరలోని ఏ మద్రసా గురువునైనా అడగండి. మా దగ్గరికి వచ్చినా రాసిస్తాం.