ఇనుపమోకుల శిల్పి జాన్ రోబ్లింగు

కొబ్బరిపీచుతో త్రాడు పేనుట కోనసీమ బిడ్డలకు వేరుగా నేర్పవలసిన విద్య కాదు. పీచును నానబెట్టి, పురిపెట్టి, పేటలు కలిపి మోకు చేయుట నెరుగని యూరు ఈ సీమలో లేదు. అట్టి మోకు తెగినప్పుడు పరికించి చూచినచో, అది నడుమ తెగుట అరుదు. ముడివేసిన చోటనో, అతుకు వేసిన చోటనో, గుంజకు రాపిడి తగిలిన చోటనో తెగును. కావున మోకు బలమెంతయో తెలియగోరువాడు దాని కొనను ముందుగా చూడవలెను. ఈ సంగతిని ఇనుపతీగతో పేనిన మోకులయెడ యావజ్జీవము మరువక, ఆ మోకులపై కాలువలను, రైళ్లను నదులు దాటించిన యింజనీరు జాన్ అగస్టస్ రోబ్లింగు.

ఇతడు 1806వ సంవత్సరము జూన్ 12వ తేదీన జర్మనీ దేశమున తురింగియా సీమయందలి మ్యూల్‌హౌజను పట్టణమున జన్మించెను. తండ్రి పొగాకు దుకాణము నడుపుకొను సామాన్య గృహస్థు. కుమారుడు గొప్ప విద్య నభ్యసింపవలెనని తల్లికి పట్టుదల యెక్కువ. బెర్లిను నగరమున వాస్తువిద్యయు, యింజనీరింగు విద్యయు నేర్చి, రోబ్లింగు సర్కారువారి బాటలపనిలో కొంతకాలము గడపెను. ఆనాటి ప్రష్యా కొలువులో చిన్నపనికైనను పైవారి యుత్తరువులకై పడిగాపులు పడవలసి యుండెను. అది యతని స్వభావమునకు సరిపడలేదు. 1831లో అన్నయగు కార్లుతోడను, మరికొందరు స్వదేశీయులతోడను అమెరికాకు ఓడయెక్కి, పెన్సిల్వేనియా రాష్ట్రమున భూమి కొని, సాక్సన్‌బర్గు అను గ్రామమును నెలకొల్పెను.

వ్యవసాయము మాత్రము రోబ్లింగునకు అచ్చిరాలేదు. ఆ రోజులలో అతడు గడించిన దేమియు లేదనియే చెప్పవచ్చును. 1836లో జొహన్నా హెర్టింగు అను కన్యను వివాహమాడెను. మరుసటి యేడు అన్న ఎండలో పొలముపని చేయుచు వడదెబ్బ తగిలి మరణించెను. ఆ యేటనే పెద్దకుమారుడు వాషింగ్టను పుట్టెను. ఇక నాగలిని విడిచి, రోబ్లింగు తాను నేర్చిన విద్యకు మరలి, రాష్ట్రప్రభుత్వమువారి కాలువపనులలో సర్వేయరుగా చేరెను.

ఆ కాలువమార్గమున నొక విచిత్రము గలదు. మన కాలువలలో నీటిమట్టము మారునప్పుడు లాకులు పడవలను ఎక్కించును, దించును. అచ్చట అడ్డువచ్చినది అలిగెనీ పర్వతపంక్తి. దానికి లాకులు చాలవు. అందుచే పడవలను చక్రముల బండ్లపై నెక్కించి, ఏటవాలు పట్టాలపై మోకులు కట్టి, ఆవిరియంత్రములతో కొండపైకి లాగి ఆవలివైపు దింపుచుండిరి. అట్టి యేటవాలులు పది. మోకులు నారతో చేసినవి, మిక్కిలి లావైనవి, వెల హెచ్చు, ఆయువు తక్కువ. అవి తెగినప్పుడు పడవలు, సరకులు, మనుష్యులుకూడ క్రిందికి దొర్లుచుండెడివారు.

జర్మనీదేశపు హార్ట్సు కొండల గనులలో విల్హెల్ము ఆల్బర్టు అను అధికారి 1834లోనే ఇనుపతీగలను పురిపెట్టి మోకుగా చేసి వాడియుండెను. రోబ్లింగు తన గ్రామమున గుడివెనుక పచ్చికబయలులో పొడవైన త్రాడుబాట వేసి, ఇరుగుపొరుగు రైతులను కూలికి పిలిచి, చేతితోనే ఇనుపతీగను పేనించెను. ఇది 1841నాటి మాట. మన యూళ్లలో త్రాడు పేను తీరును చూచినవారికి ఆ దృశ్యము కన్నులకు కట్టును. తేడా యొక్కటే: పీచు మెత్తన, తీగ మొండి. ప్రతి తీగయు సమానమైన బిగువులో లేకున్నచో బరువంతయు కొన్ని తీగలపైననే పడి, అవి ముందు తెగును, తరువాత మిగిలినవి. ఈ పని తీరునకు 1842లో అతడు పేటెంటు పొందెను.

కొండబాటపై మొదటి పరీక్ష జరుగుటకు ముందు ఒక దుర్మార్గము జరిగినదని అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. నారమోకుల వర్తకుల పక్షమున నొకడు రాత్రివేళ వచ్చి, ఇనుపమోకును అతుకువేసిన చోట కోసిపోయెను. మరునాడు మోకు తెగెను. అందరును ఇనుపమోకు పనికిరాదనిరి. కోసినవానికి దుర్బుద్ధి యున్నను, మోకుశాస్త్రము బాగుగా తెలియును! అతుకుచోట తెగినచో నెవరును శంకింపరు. అది సహజమే యనుకొందురు. రోబ్లింగు పట్టువిడువక రెండవ పరీక్షకు అనుజ్ఞ సంపాదించి నెగ్గెను. కొన్ని యేండ్లలో ఆ కొండబాటపై నారమోకుల స్థానమున ఇనుపమోకులే నిలిచెను.

ఇక కోనసీమవారికి మిక్కిలి దగ్గరగా తోచు ఘట్టము. పిట్సుబర్గు నగరముకడ కాలువ అలిగెనీ నదిని దాటవలసి యుండెను. పాత కొయ్యతూము చెడిపోగా, నీటితో నిండిన కాలువతొట్టినే ఇనుపతీగల మోకులపై వ్రేలాడదీసెదనని రోబ్లింగు ముందుకువచ్చెను. ఒక్కొక్కటి 162 అడుగుల ఖానాలు ఏడు. పని 1845 మే మాసమునకు ముగిసెను. నీరు కదలక సమముగా నుండునుగదా, ఆ పైని పడవ పోయినను తొట్టిబరువు మారదు; తన బరువునకు సరిపోవు నీటిని పడవ ప్రక్కకు తొలగించును. ఈ సూక్ష్మము గ్రహించినవానికి వ్రేలాడుకాలువ సాహసము కాదు, లెక్క. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ ఆనకట్టపని ఆరంభమైన 1847లోనే రోబ్లింగు డెలవేరు నదిపై మరియొక వ్రేలాడుకాలువను ఆరంభించి, మరుసటి యేట ముగించెను. పిమ్మట 1850ల దశాబ్దమున మన గన్నవరము అక్విడక్టు వైనతేయపై 49 ఖానాల కమానులమీద లేచెను. ఒకే సమస్య, ఇచ్చట ఇటుకయు సున్నమును మోసినవి, అచ్చట తీగలు మోసినవి. డెలవేరు నదిలో మంచుగడ్డలును, దుంగల తెప్పలును కొట్టుకొనివచ్చును గనుక స్తంభములు తక్కువగా నుండవలెను, అందుకే మోకులు.

ఆ మోకుల కొనలెచ్చట? రాతికట్టడముయొక్క గర్భమున. మోకులోని తీగల నెచ్చటను ముడివేయక, ఇనుపపాదుకల చుట్టును త్రిప్పి, ఆ పాదుకలను ఇనుపకడ్డీల గొలుసులకు మేకులతో తగిలించి, గొలుసుల క్రిందికొనలను పెద్ద ఇనుపపలకలకు బిగించి, పైన రాతిగుట్ట కట్టించుట రోబ్లింగు పద్ధతి. చూపరులు కొనియాడునది నదిపై వంగిన మోకును. వంతెన నిలుచునది నేలలో కన్పింపని యా కొనవలన.

1849లో రోబ్లింగు తన మోకుల కార్ఖానాను న్యూజెర్సీ రాష్ట్రమున ట్రెంటను పట్టణమునకు మార్చెను. అచ్చటనే యంత్రములో చిక్కుకొని ఎడమచేయి నలిగి, వంకరపోయెను. వేణువు, పియానో వాయించు సరదా అంతటితో తీరెను. కార్ఖానా మాత్రము పెరిగి, గనులకు, ఓడలకు, మేడల లిఫ్టులకు మోకులు పంపునదయ్యెను.

ఇచ్చట మోకుకొనల ముచ్చట కొంత విపులముగా చెప్పుట యవసరము. పంటులపై, చేపల మరపడవలపై, చమురుబావుల రిగ్గులపై ఇనుపమోకు కోనసీమకును వచ్చినది. ఇనుపమోకునకు ముడి పనికిరాదు; ముడిలో తీగలు విరుగును. కొన నిలుపుటకు పాతకాలమునుండి మూడు తెరగులు గలవు. పేటలు విప్పి మరల మోకులోనికి అల్లుట యొకటి. అది చేతిపనితనముపై ఆధారపడును. కొన తీగలను చీపురువలె విప్పి, శుభ్రపరచి, గిన్నెవంటి సాకెట్టులో నుంచి కరిగిన జింకు పోయుట రెండవది. చక్కగా చేసినచో మోకు పూర్తిబలము దక్కును. యూ ఆకారపు క్లిప్పులు బిగించుట మూడవది. బలములో సుమారు నూటికి ఎనుబది వంతులు దక్కును. ఈ క్లిప్పులలో వంగిన కడ్డీ కొనవైపు తీగపైననే పడవలెను. బరువు మోయు తీగపై క్లిప్పు పీఠము కూర్చుండవలెను. తారుమారైనచో బరువు మోయు తీగయే నలుగును. బరువు పడినపిమ్మట నట్లు మరల బిగింపవలెను.

ఇరువదవ శతాబ్దమున నాల్గవ తెరగు వ్యాపించినది, దానిపేరు స్వేజింగు. మోకు కొనను లోహపు గొట్టములో దూర్చి, థింబిలు చుట్టును మలచి, మరల అదే గొట్టములోనికి తెచ్చి, గొట్టమును అచ్చుల నడుమ గట్టిగా నొక్కుదురు. లోహము తీగల సందులలోనికి ప్రవహించి పట్టును. దీని పనిముట్టు నెన్నుకొనుటలో మొదటి విచారణ మోకులావు. కొలుచునప్పుడు పేటల మిట్టలమీదుగా, మిక్కిలి వెడల్పుచోట కొలువవలెను. కొలది మిల్లీమీటర్ల సన్నమోకునకు పొడవుపిడుల చేతిపనిముట్టు చాలును. లావుమోకునకు హైడ్రాలికు ప్రెస్సు కావలెను. రెండవది, గొట్టము, అచ్చు, మోకు మూడును ఒకదానికొకటి సరిపడవలెను. ఒక అచ్చుకు మరియొక గొట్టమును సర్దుట ఆత్మవంచనయే. మూడవది లోహము. సాధారణమైన జింకుపూత మోకునకు అల్యూమినియపు గొట్టము వాడుక. స్టెయిన్‌లెసు మోకునకు, అందును ఉప్పుగాలి సోకు చోట, రాగిగొట్టము మేలు. అంతర్వేది తీరమున అల్యూమినియమును స్టెయిన్‌లెసును జతచేసినచో ఆ ఉప్పు అల్యూమినియమును తినివేయును.

వాడునప్పుడు కొన గొట్టమునుండి కొంచెము వెలికి వచ్చియుండవలెను. నొక్కినకొలది గొట్టము సాగును గనుక, లోపలనే యున్న కొన జారిపోవు ప్రమాదము గలదు. ఎన్ని నొక్కుళ్లు, ఏ క్రమమున అనునది పనిముట్టు తయారీదారు పట్టికను బట్టి చేయవలెను. ప్రతి నొక్కుడునకు అచ్చుల దవడలు పూర్తిగా కలియవలెను. పిదప గేజితో కొలిచి చూడవలెను. గేజి గాడిలో గొట్టము దూరకున్నచో అది చాలినంత నలుగలేదన్నమాట, పనిముట్టును సరిచేసికొనవలెను. అతిగా నలిగినను తీగలు తెగును. సుత్తితో మోదిన గొట్టము పైకి బిగిసినట్లే కనబడును. దానిని నమ్మి మనుష్యుల బరువును వ్రేలాడదీయరాదు. ఒకసారి నొక్కిన గొట్టమును తీసి మరల వాడరాదు. మొదట నొక నమూనా చేసి, తెగువరకు లాగి చూచుట రోబ్లింగు కాలపు మర్యాద. అది నేటికిని చెల్లును.

రోబ్లింగు జీవితమున తక్కిన మహాకార్యములు ప్రసిద్ధములే. నయాగరా కనుమపై 821 అడుగుల వారధిని, పైని రైలు, క్రింద బండ్లు నడుచునట్లు, 1855లో తెరచెను. వ్రేలాడు వంతెన రైలును మోయజాలదని పెద్దపెద్ద యింజనీర్లు పలికియుండిరి. అది 1897వరకు రైళ్లను మోసెను. ఒహాయో నదిపై సిన్సినాటి కడ 1,057 అడుగుల వంతెన, నడుమ అంతర్యుద్ధముచే ఆగి, 1867 ఆరంభమున సంచారమునకు తెరవబడెను.

న్యూయార్కునకును బ్రూక్లినునకును నడుమ 1,595 అడుగుల వారధిని రోబ్లింగు తలపెట్టెను. అంత పొడవైన వ్రేలాడు వంతెన అంతకుముందు లేదు. ఇనుపతీగకు బదులు ఉక్కుతీగ వాడవలెనని అతడే నిర్ణయించెను. 1869 జూన్ 28వ తేదీన రేవుకడ స్థలము కొలుచుచుండగా, పడవ వచ్చి తాకుటచే అతని పాదము నలిగెను. వ్రేళ్లు తీసివేసిరి. నీటిచికిత్సపై అతనికి మూఢమైన నమ్మకము. వైద్యులను పొమ్మని, గాయముపై నీరు పోయించుకొనుచు కూర్చుండెను. ధనుర్వాతము సోకి జూలై 22వ తేదీన గతించెను. లెక్కకు లొంగని దేదియు నమ్మనివాడు తన దేహముయెడ లెక్క తప్పుట విచారకరము.

పని కుమారుడు వాషింగ్టను వహించెను. నదిక్రింద పునాది గదులలోని వత్తిడిగాలివలన అతడు రోగియై మంచము పట్టగా, భార్య ఎమిలీ యింజనీరింగు నేర్చి, అతని యాజ్ఞలను పనివారికి చేర్చెను. ఈ దంపతులకే ఒక మోసము నెదుర్కొనవలసి వచ్చెను. తీగ సరఫరా కంట్రాక్టు లాయిడ్ హేగు అనువానికి దక్కెను. పరీక్షకులు తీగచుట్టలను పరీక్షించి, మంచివానికి ముద్రపత్రమిచ్చి, బండికెక్కించెడివారు. బండి త్రోవలో మరియొక కొట్టులోనికి పోయి, మంచితీగను దింపి, త్రోసివేయబడిన తీగను ఎక్కించుకొని, అదే పత్రముతో వంతెన చేరెడిది. మంచితీగ మరల కార్ఖానాకు పోయి, మరునాడు మరల పరీక్ష నెగ్గెడిది! కాగితములలో లెక్క సరిగానే యుండెను; తీగ మాత్రము వేరు. 1878లో పరీక్షకులు బండ్లను వెంబడించి గుట్టు బయటపెట్టిరి. అప్పటికే రెండువందల టన్నులకు మించిన చెడుతీగ మోకులలో చేరిపోయెను, తీయుటకు వీలులేదు.

తండ్రి మోకులకు కావలసిన బలమునకు ఆరురెట్లు లెక్కగట్టి యుంచెను. చెడుతీగ పోగా ఐదురెట్లు మిగులునని కుమారుడు గణించెను. అయినను ఒక్కొక్క మోకునకు సుమారు 150 తీగలు హేగు ఖర్చుతోనే అదనముగా చేర్పించెను. వంతెన 1883 మే 24వ తేదీన తెరవబడెను. హేగు తీగలు ఆ నాలుగు మోకులలో, మంచితీగల నడుమ, నేటికిని చుట్టబడియే యున్నవి.